రెండడుగుల బొమ్మ.. లక్ష రూపాయల లెక్క

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా సైనికుల బొమ్మలు తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 2024 డిసెంబర్‌లో లండన్ స్టాక్ మార్కెట్ ప్రధాన సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ 100లో చేరింది. బ్యాంకులు, చమురు కంపెనీలు, మందుల కంపెనీల సరసన ఒక బొమ్మల కంపెనీ! 2025 జూన్ 1తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని ఆదాయం 61.75 కోట్ల పౌండ్లు. పన్నుకు ముందు లాభం 26.28 కోట్ల పౌండ్లు. అంటే వంద రూపాయల ఆదాయంలో 42 రూపాయలకు పైగా లాభమే.

2026 జనవరిలో ఇదే కంపెనీ ఇంకో మాటతో వార్తల్లోకొచ్చింది. తమ డిజైన్ పనిలో ఏఐ వాడకాన్ని అనుమతించడం లేదని, ఆర్టిస్టులను, రచయితలను, శిల్పులను ఇంకా తీసుకుంటున్నామని అర్ధ సంవత్సర నివేదికలో సీఈఓ కెవిన్ రౌంట్రీ చెప్పారు. 'ఏఐ వచ్చాక మా ఉద్యోగాల సంగతేంటి?' అని బెంగపడుతున్న మనకు ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది. అయితే సంబరపడే ముందు, ఆ కంపెనీ అలా ఎలా అనగలుగుతోందో చూడాలి. అందుకోసం అది అమ్మేవాటిలో భారీ బొమ్మలైన టైటాన్లను ఉదాహరణగా తీసుకుందాం.

టైటాన్ అంటే?

వార్‌హ్యామర్ 40,000 అనేది 1987లో మొదలైన టేబుల్ ఆట. ఇద్దరు ఆటగాళ్లు బల్ల మీద సైన్యాలు నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధం నడుపుతారు. బొమ్మలు విడి ముక్కలుగా వస్తాయి. అతికించుకోవడం, రంగులేసుకోవడం కొన్నవాళ్ల పనే. చాలామందికి ఆట కన్నా ఇదే పెద్ద సరదా.

ఆటలో మామూలు సైనికుడు బొటనవేలంత ఉంటాడు. టైటాన్ అంటే రెండు కాళ్ల మీద నడిచే రాక్షస యుద్ధ యంత్రం. వాటిలో వార్‌లార్డ్ టైటాన్ బొమ్మ దాదాపు 56 సెంటీమీటర్లు, అంటే రెండడుగులకు కాస్త తక్కువ. ధర వెయ్యి పౌండ్లకు పైనే. మన డబ్బుల్లో లక్ష దాటినట్టే. చేతులకు తగిలించే ఆయుధాలు మళ్లీ విడిగా కొనుక్కోవాలి. కొన్నవాళ్లు దీన్ని ఆటలోకి దించేది తక్కువ. నెలల తరబడి రంగులేసి, ఆయుధాలు మార్చుకునేలా చేతుల్లో చిన్న అయస్కాంతాలు బిగించి, అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసిపోతారు.

ధర గుట్టు అచ్చులో ఉంది

చిన్న సైనికులను ఇంజెక్షన్ మోల్డింగ్‌తో చేస్తారు. కరిగిన ప్లాస్టిక్‌ను లోహపు అచ్చులోకి ఒత్తిడితో పంపిస్తే నిమిషాల్లో ఫ్రేమ్ బయటికొస్తుంది. ప్లాస్టిక్ ఖర్చు తక్కువే, ఖరీదంతా అచ్చుది. ఒక అచ్చుకు కోటి రూపాయలు అయిందనుకోండి. లక్ష బొమ్మలు అమ్మితే ఒక్కోదాని మీద పడే అచ్చు ఖర్చు 100 రూపాయలు. వెయ్యి మాత్రమే అమ్మితే 10,000. ఇది ఊహించుకున్న లెక్కే కానీ, వ్యాపారం నడిచే తీరు ఇదే.

వార్‌లార్డ్‌ను కొనేవాళ్లు కొద్దిమందే. అందుకే దాన్ని రెజిన్‌తో చేస్తారు. సిలికోన్ అచ్చుల్లో పోతపోసే ఈ పద్ధతిలో అచ్చు చవక, కానీ మనిషి పని ఎక్కువ, అచ్చు త్వరగా అరిగిపోతుంది. తక్కువ సంఖ్యకు రెజిన్, ఎక్కువ సంఖ్యకు ప్లాస్టిక్. 2018లో అడెప్టస్ టైటానికస్ అనే ఆటను కొత్తగా తెచ్చినప్పుడు ఇదే వార్‌లార్డ్‌ను బాగా చిన్నది చేసి ప్లాస్టిక్‌లో ఇచ్చారు. డిజైన్ అదే, కొనేవాళ్ల సంఖ్య మారేసరికి తయారీ పద్ధతి మారిపోయింది.

మెకానికల్ వాళ్లకు ఇందులో ఇంకో పాఠం ఉంది. అచ్చు తెరిచేటప్పుడు ముక్క ఇరుక్కోకుండా రావాలి. డ్రాఫ్ట్ యాంగిల్, అండర్‌కట్ అని మనం పరీక్ష కోసం బట్టీపట్టినవే ఇక్కడ జీతం తెచ్చిపెడతాయి. బొమ్మను ఎక్కడ కోస్తే అతుకు కనపడదో, అచ్చులోంచి ఎలా తేలిగ్గా వస్తుందో రెండూ తెలిసినవాళ్లు కావాలి. స్క్రీన్ మీద అందంగా ఉంటే సరిపోదు.

ఒక్క అచ్చు, అరవై పుస్తకాలు

అడెప్టస్ టైటానికస్ మొదట వచ్చింది 1988లో. అప్పుడు కంపెనీ దగ్గర డబ్బు తక్కువ. టైటాన్‌కు ఒకే అచ్చు చేయించగలిగారు. దాంతో రెండు పక్షాలకూ ఒకే రకం యంత్రాలు వచ్చాయి. శత్రువు దగ్గర కూడా అచ్చం మన యంత్రమే ఎందుకుంది? జవాబుగా ఓ కథ అల్లారు. ఒకే సామ్రాజ్యం రెండుగా చీలి తనతో తానే కొట్టుకుంటోందన్నారు. అదే 'హోరస్ హెరిసీ' అనే అంతర్యుద్ధ గాథ. 2006 నుంచి 2024 దాకా ఆ గాథ మీద అరవైకి పైగా పుస్తకాలొచ్చాయి. దాని పేరుతోనే వేరే ఆట, వేరే బొమ్మల వరుస కూడా నడుస్తున్నాయి.

అచ్చుకు డబ్బుల్లేక అల్లిన కథ ఇప్పుడు కంపెనీకి పెద్ద ఆస్తి. వార్‌లార్డ్‌కు లక్ష పెట్టేవాళ్లు కొంటున్నది రెజిన్ ముక్కలను మాత్రమే కాదు, ఆ కథలో ఒక భాగాన్ని. వార్‌హ్యామర్ పేరు వాడుకోనిచ్చినందుకు వీడియోగేమ్‌ల వంటి వాటి నుంచి వచ్చే లైసెన్సింగ్ ఆదాయమే 2024-25లో 5.25 కోట్ల పౌండ్లు.

ఏఐ వద్దనడం వెనక

ఇప్పుడు ఏఐ సంగతి అర్థమవుతుంది. కంపెనీ తమ కళాకారుల మీద గౌరవం గురించి చెప్పింది, మంచిదే. దాని పక్కనే వ్యాపార లెక్క కూడా ఉంది. మనిషి సృజన లేకుండా పూర్తిగా ఏఐ గీసిన బొమ్మకు అమెరికాలో కాపీరైట్ రాదు. ఆస్తి అంతా బొమ్మల రూపం, కథల మీద హక్కులే అయినప్పుడు, ఎవరిదో తేలని డిజైన్‌ను లోపలికి రానివ్వడం ప్రమాదం. పైగా ఇంట్లో పెట్టుకునే రెజిన్ 3డీ ప్రింటర్లు చవకయ్యాయి. ఖరీదైన పెద్ద యంత్రాలనే జనం ఇంట్లో ప్రింట్ చేసుకోవాలనుకుంటారు. అప్పుడు కంపెనీకి మిగిలే బలం హక్కులు, నాణ్యత, కథ.

కాబట్టి 'ఏఐ వద్దన్నారు, మన ఉద్యోగాలు భద్రం' అనుకుంటే పొరపాటు. సొంత హక్కులు అమ్ముకునే కంపెనీ వద్దంటుంది. గంటల లెక్కన ఇతరుల పని చేసిపెట్టే కంపెనీ ఏఐని ముందు తెచ్చుకుంటుంది. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు ప్యాకేజీతో పాటు ఇది కూడా అడగండి: ఈ కంపెనీ దేన్ని అమ్ముతోంది? దాని హక్కులు ఎవరివి?

మరి మనకేంటి?

ఇది చదివి నాటింగ్‌హామ్‌కు టికెట్ బుక్ చేయమని చెప్పడం లేదు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2025 జులైలో 41,700 పౌండ్లకు పెరిగింది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా గడువు డిగ్రీ, పీజీ వాళ్లకు రెండేళ్లుండేది. 2027 జనవరి నుంచి చేసే దరఖాస్తులకు ఏడాదిన్నరే. అప్పుచేసి ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు ఈ రెండు అంకెలు ముందే చూసుకోవాలి.

నైపుణ్యం మాత్రం మన దగ్గరే నేర్చుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నేర్పేదే టూల్, డై, మోల్డ్ తయారీ. పదో తరగతి తర్వాత డిప్లొమా ఉంది, ఇంజినీరింగ్ చేసినవాళ్లకు పీజీ కోర్సులూ ఉన్నాయి. ప్లాస్టిక్ ఇంజినీరింగ్‌కు హైదరాబాద్, విజయవాడల్లో సిపెట్ ఉంది. బొమ్మకు అచ్చు చేసే చెయ్యే కారు డ్యాష్‌బోర్డుకు, సిరంజికి, ఫోన్ కేసుకు కూడా అచ్చు చేస్తుంది. అవకాశాలు ఒక్క బొమ్మల కంపెనీకే పరిమితం కావు.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఒక పని చేయండి. ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో చిన్న యంత్రం బొమ్మ ఒకటి చెక్కండి. దాన్ని ఎన్ని ముక్కలు చేస్తే అచ్చులోంచి వస్తుందో గీయండి. 500 అమ్మితే ఎంత, 50,000 అమ్మితే ఎంత అని ఒక పేజీ లెక్క రాయండి. 'మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగితే ఈ పేజీ ముందు పెట్టండి. అందరూ చూపించే నెట్‌లోంచి దించిన ప్రాజెక్టుల మధ్య, ప్రతి గీతకూ కారణం చెప్పగలిగే మీ పని వేరుగా కనిపిస్తుంది.