సెలవుల్లో దారి చూపేదెవరు?

2007 నాటి చట్టం బి.సి.–ఇ వర్గాలకు కల్పించిన 4 శాతం రిజర్వేషను మన పిల్లలను కళాశాల గడప దాటించింది. అక్కడి నుండి ఉద్యోగం వరకు ఉన్న దారిలో మాత్రం ఆ హక్కు తోడు రాని చోట్లు ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ వాటిలో ఒకటి.

2020–21లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో కొంత సెలవుల్లోనే పూర్తిచేయాలి. ప్రైవేటు సంస్థల్లో రిజర్వేషను లేదు. తెలిసినవారు ఉన్న విద్యార్థి పని నేర్చుకుంటాడు. లేనివాడు ధ్రువపత్రం దొరికితే చాలనుకుంటాడు.

ముస్లింలలో స్వయం ఉపాధి ఎక్కువనీ, నెలజీతపు ఉద్యోగాల్లో వారి వాటా తక్కువనీ 2006లోనే సచార్ కమిటీ తెలిపింది. మెకానిక్ షెడ్డు మీదో, పండ్ల బండి మీదో బతికే తండ్రి తన బిడ్డను ఏ కార్యాలయానికి పంపగలడు? ఇది ప్రతిభ లోపం కాదు, పరిచయాల లోటు.

రాజమహేంద్రవరంలో కాగితపు మిల్లు, ఓఎన్‌జీసీ, కాకినాడలో ఓడరేవు, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. అటువంటి సంస్థల్లో, బ్యాంకుల్లో, కోర్టుల్లో పనిచేస్తున్న మనవారి జాబితాను ప్రతి మసీదు కమిటీ సిద్ధం చేయాలని కోరుతున్నాము. సెలవులకు నెల ముందే వారిని విద్యార్థులతో కూర్చోబెట్టాలి. ఆడపిల్లలు కూడా తల్లులతో రాగలిగేలా ఆ సమావేశం షాదీఖానాలో జరగాలి.

మేము కోరేది సిఫారసు కాదు. ఎవరిని కలవాలి, దరఖాస్తు ఎలా రాయాలి, ఏ పని నేర్చుకోవాలి అన్నది చెప్పే పెద్దదిక్కు కావాలి. తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్‌ను పరిచయాలు లేని విద్యార్థికీ చూపించవలసిన బాధ్యత కళాశాలలదేనని కూడా తల్లిదండ్రులు గట్టిగా అడగాలి.