వ్యాను నిండా స్పేర్లు, విప్పడానికి పానా లేదు

శుక్రవారం లంచ్‌లో మళ్ళీ అదే గొడవ. నేనూ, మా రూమ్మేటూ చెరి సగం వేసుకుని కొన్న 1971 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యానులో డెత్ వ్యాలీ వెళ్ళొచ్చాం అని చెప్పానో లేదో, మా టీములో ఒకాయన "పానాలూ, స్పేర్లూ మోసుకెళ్ళడం ఎందుకు బాబూ? ఫోనుంది, రోడ్ సైడ్ అసిస్టెన్స్ కార్డుంది, చాలదూ?" అన్నాడు. పక్కనున్నాయన ఇంకో రకం. నెట్‌లో దొరికిన లిస్టు ప్రింటు తీసి, అందులో ఉన్నవన్నీ కొని వ్యానులో పడేసుకోమంటాడు. నన్నడిగితే ఇద్దరిదీ తప్పే. రెండోది చేసి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా.

ఒలాంచా దాటి 190 హైవే మీద ప్యానమింట్ స్ప్రింగ్స్ వైపు పోతున్నాం. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. జనరేటర్ లైటు అది. ఛార్జింగే కదా, ఊరొచ్చేదాకా లాగిద్దాం అనిపిస్తుంది. ఈ ఇంజనుతో అలా కుదరదు. దీనికి రేడియేటరూ లేదు, నీళ్ళూ లేవు. ఇంజనుని చల్లబరిచే ఫ్యాను జనరేటర్ షాఫ్టుకే ఉంటుంది. రెంటినీ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే గాలి ఆగినట్టే, ఆ పైన నడిపితే ఇంజను పోయినట్టే. మావాడు వెంటనే ఆపాడు కాబట్టి బతికిపోయాం.

మా దగ్గర కొత్త బెల్టులు మూడున్నాయి. అవును, మూడు! కానీ పుల్లీ నట్టు విప్పాలంటే 21 ఎం.ఎం. పానా కావాలి. మా పెట్టెలో అన్నిటికన్నా పెద్దది 19. ఫోనులో సిగ్నల్ సున్నా. రెండున్నర గంటలు ఎండలో కూర్చున్నాక, ఒక పెద్దాయన ట్రక్కు ఆపి తన అడ్జస్టబుల్ స్పానర్ ఇచ్చాడు. ఇరవై నిమిషాల్లో పనైపోయింది.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. బ్యాకప్ ఉందని ఎవరైనా అంటే మొదట అడిగేదేంటి? "ఎప్పుడైనా రిస్టోర్ చేసి చూశావా?" అని. స్పేరు పార్టుకీ అదే రూలు. ఇంటి ముందు ఒక్క ఆదివారం ఆ బెల్టు విప్పి బిగించి ఉంటే పానా లేదన్న సంగతి అక్కడే తెలిసేది. ఒక్కసారైనా చేత్తో బిగించి చూడని పార్టు స్పేరు కాదు, లగేజీ.

ఇక కార్డు సంగతి. సిగ్నల్ ఉందనే అనుకుందాం. టో ట్రక్కు వచ్చి దగ్గర్లోని వర్క్‌షాపులో దింపుతుంది. అక్కడి కుర్రాడు స్కానర్ పట్టుకుని పోర్టు ఎక్కడుందని వెతుకుతాడు. అమెరికాలో కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది 1996 మోడల్ నుంచి. మన బండి అంతకు పాతికేళ్ళు పెద్దది. దీని పాయింట్ల గ్యాప్ 0.4 ఎం.ఎం. ఉండాలని ఆ అబ్బాయికి ఎవరు చెబుతారు? గేర్ బాక్సు పోతే కార్డు వాడండి, కాదనను. క్లచ్ కేబుల్ తెగితే కార్డేం చేస్తుంది?

మరి ఏం పెట్టుకోవాలి? మేం బిగించి చూసినవి మాత్రమే ఇప్పుడు పెట్టెలో ఉన్నాయి. ఒక బెల్టు, 21 పానా, పుల్లీని కదలకుండా పట్టుకోవడానికి పెద్ద స్క్రూ డ్రైవర్. పాయింట్లు, కండెన్సర్, రోటర్, ఫీలర్ గేజ్. ప్లగ్గులు, ప్లగ్గు పానా. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. 8, 16 ఆంపియర్ల పాతకాలం ఫ్యూజులు. 10, 13, 17 పానాలు, టెస్ట్ ల్యాంపు, ఇన్సులేషన్ టేపు, బైండింగ్ వైరు. ఇంజనులో పట్టేదే రెండున్నర లీటర్ల ఆయిలు, అందుకే ఒక లీటరు అదనంగా. అంతే, అన్నీ కలిపి ఒక సీటు కింద పడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది పెట్రోలు గొట్టం. పాత రబ్బరు ఎండి పగుళ్ళిస్తుంది, ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ దాన్ని ఇంకా తొందరగా పాడు చేస్తుంది. కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్పేరు గొట్టం, క్లిప్పులు ఉంచుకోండి, కానీ పాతది పగిలేదాకా ఆగకండి, ముందే మార్చేయండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డ్రైవర్ చేతికందేలా ఉండాలి. మేం మొదట్లో దాన్ని వెనక, సరిగ్గా ఇంజను పక్కనే పెట్టాం :( మంటలొచ్చేది అక్కడైతే మందు కూడా అక్కడేనా! పైగా మా 1600 ఇంజను పెట్టె మెగ్నీషియం మిశ్రమం. అది అంటుకుందంటే ఇక ఆర్పే ప్రయత్నం మానేసి దూరంగా పరిగెత్తడమే.

"మనకి మెకానిక్ పని ఎక్కడొచ్చు" అంటారా? జాన్ మ్యూర్ 1969లో ఈ బళ్ళ రిపేరు పుస్తకం రాసిందే పానా పట్టడం తెలియని వాళ్ళ కోసం. అంతదాకా ఎందుకు, మా నాన్న చేతక్ డిక్కీలో ఎప్పుడూ ఒక ప్లగ్గు, ప్లగ్గు పానా, ఒక క్లచ్ వైరు ఉండేవి. ఆయన మెకానిక్ కాదు, లెక్కల మాస్టారు. క్లచ్ వైరు తెగితే రోడ్డు పక్కన స్కూటరు ఆపి, చొక్కా చేతులు మడిచి, తనే మార్చుకునేవాడు. నేను ఇంజనీరింగ్ డిగ్రీ పెట్టుకుని 21 పానా లేక ఎండలో కూర్చున్నాను.

పాత బండి కొనుక్కునేది ఫోటోలకే అయితే కార్డు చాలు. ఊరు దాటి వెళ్ళాలనుంటే మాత్రం, ఈ ఆదివారం ఇంటి ముందే ఆ బెల్టు ఒకసారి విప్పి చూడండి.