సంపాదకుని మాట: పొలం తాకట్టు పెట్టేముందు

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పండించే ఇళ్లలో, నాపరాయి మీద బతికే ఇళ్లలో ఇప్పుడు పిల్లల ఎం.ఎస్. ముచ్చటే నడుస్తోంది. పొలం తాకట్టు పెట్టి పిల్లలను విదేశాలకు పంపాలనుకునే తల్లిదండ్రుల కోసమే ఈ సంచిక.

చదువు వీసా, ఉద్యోగ అనుమతి, స్థిర నివాసం వేర్వేరు మెట్లు. ఒకటి ఎక్కినంత మాత్రాన తర్వాతిది దానంతట అదే రాదు. అమెరికాలో పట్టా వచ్చాక ఓపీటీ అనే ఉద్యోగ అనుమతి 12 నెలలు, స్టెమ్ కోర్సులకు మరో 24. ఆపైన హెచ్‌-1బీ ఉద్యోగ వీసా: ఏటా మామూలు కోటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20,000. గ్రీన్‌కార్డు (స్థిర నివాసం) దగ్గర దేశానికి 7 శాతం పరిమితి ఉంది. మనవాళ్లు ఏళ్లకేళ్లు ఎదురుచూసేది అందుకే.

జర్మనీ దారి వేరు. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. చదువయ్యాక కొలువు వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు. అక్కడే చదివి, చదువుకు తగిన ఉద్యోగం రెండేళ్లు చేస్తే స్థిర నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే జర్మన్ భాష రావాలి. డిగ్రీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టమని నా సలహా.

ఏజెంటు గడప తొక్కేముందు మన జిల్లా కేంద్రం వికారాబాద్‌లోని జిల్లా సంక్షేమ కార్యాలయాలకు వెళ్లండి. అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర విదేశీ విద్యా పథకాల కింద 20 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో పెట్టాలి. ఇంట్లో చదివే ఆడపిల్ల ఉంటే ఆమె పేరున కూడా పెట్టండి.