మగపిల్లాడైతే కాలవ గట్టా?

'మగపిల్లలకు తొందరేం లేదు, మూడేళ్లదాకా గట్టు మీదో పెరట్లోనో కూర్చోబెట్టినా తప్పులేదు' అని పిల్లలకు మరుగుదొడ్డి అలవాటు చెయ్యడం గురించిన మొన్నటి వ్యాసంలో రాశారు. ఆడపిల్లల కంటే కొన్ని నెలలు ఆలస్యమవచ్చు, నిజమే. గట్టు మాట మాత్రం ఒప్పుకోను. పసివాడి మలంతోనూ విరేచనాలు, నులిపురుగులు అంటుకుంటాయి. మా కోనసీమలో గోదావరి కాలవ నీళ్లనే చెరువుల్లో నింపి, శుద్ధిచేసి తాగడానికి ఇస్తారు. ఆ గట్టు మీదా కూర్చోబెట్టేది?

తిన్న కాసేపటికి పేగులు కదులుతాయి. సరిగ్గా అప్పుడే మా పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని, పిల్లాణ్ని పాదాల మీద కూర్చోబెట్టి 'ఉస్స్...' అనేవారు. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చి, వాడే చెడ్డీ పట్టుకుని చెప్పడం మొదలెట్టాక మరుగుదొడ్డి అలవాటు చెయ్యండి. తడిపాడని మాత్రం కొట్టకండి, భయపడితే బిగబట్టుకుని మలబద్ధకం తెచ్చుకుంటాడు. కడిగాక వాడి చేతులూ, మీ చేతులూ సబ్బుతో రుద్దండి.

– ఓ అమ్మమ్మ, రాజోలు