ప్రవాసమున పసివారి పండుగలు

జర్మనీ దేశమున నవంబరు మాసము ప్రవేశించుటతోడనే సాయంకాలము ఐదున్నరకే చీకటి క్రమ్ముకొనును. ఆకులు రాలిన చెట్లును, తడిసిన వీధులును, తలుపులు బిగించుకొన్న యిండ్లును దప్ప వేఱొండు కానరాని యా దినములలో, హైదరాబాదు నుండియో విజయవాడ నుండియో ఉద్యోగార్థమై వచ్చి ఫ్రాంక్‌ఫర్టులోనో మ్యూనిక్‌లోనో కాపురము పెట్టిన తెలుగు దంపతులకు, పిల్లవాని కిండర్‌గార్టెన్ నుండి ఒక చీటి వచ్చును. ఫలానా సాయంకాలము తల్లిదండ్రులు వచ్చి, తమ బిడ్డతో కూర్చుండి, కాగితపు లాంతరు చేయవలెనని దాని సారాంశము. ఈ చీటిని జూచి మనవారిలో పెక్కుమంది మొదట వేయు ప్రశ్న యొక్కటే: ఇది అంగడిలో దొరకదా?

దొరకును, స్వల్పమైన వెలకే దొరకును. అయినను కొనరాదనియే నా యభిప్రాయము.

నవంబరు 11వ తేది సెయింట్ మార్టిన్ దినము. రోమను సైన్యమున ఆశ్వికుడుగా నుండిన మార్టిన్, అమియాన్ నగరద్వారము కడ చలికి వణకుచున్న బిచ్చగానిని జూచి, తన పైవస్త్రమును ఖడ్గముతో రెండుగా జేసి సగమిచ్చెనని ప్రతీతి. పిమ్మట ఆయన తూర్ నగరమునకు బిషప్పయ్యెను. 397వ సంవత్సరమున ఆయనను సమాధి చేసిన దినమే యీ పండుగ. ఆ తేదికి అటునిటుగా చీకటి పడిన వెనుక పిల్లలు తాము చేసికొన్న లాంతరులను కఱ్ఱలకు తగిలించుకొని, పాడుకొనుచు ఊరేగింపుగా నడతురు. పలుచోట్ల ముందు గుఱ్ఱముపై ఎఱ్ఱని వస్త్రము ధరించిన మార్టిన్ వేషధారి యుండును; రైన్ నదీతీర ప్రాంతములలో ఎండుద్రాక్ష కన్నులును, చేత మట్టి చుంగాణియు గల మనుష్యాకారపు రొట్టెను పిల్లలకు పంచిపెట్టుదురు. లాంతరునకు కావలసిన సంబారము అత్యల్పము: అడుగున గుండ్రని జున్నుడబ్బా అట్ట, చుట్టును వెలుతురు చొచ్చు పలుచని రంగుకాగితము, పైన తీగ, తీగకొక కఱ్ఱ. పూర్వము లోపల కొవ్వొత్తి వెలిగించెడివారు. ఇప్పుడు చాలచోట్ల చిన్న విద్యుద్దీపమే. మూడేండ్ల బిడ్డ కత్తెర చక్కగా పట్టలేడు గనుక కాగితమును చింపును, చింపిన తునుకలను తనకు తోచినచోట అంటించును, జిగురులో సగము బల్లకును తక్కిన సగము తండ్రి చొక్కాకును పూయును. ఊరేగింపులో నలువది లాంతరుల నడుమ తన లాంతరును వాడు దూరమునుండియే గుర్తించును. అంగడిలో కొన్న లాంతరు ఇంతకంటె అందముగా నుండుననుటలో సందేహము లేదు; కాని అది వానిది కాదు.

జర్మనీ శిశుపాఠశాలలలో అక్షరములు నేర్పరనియు, ఊరక ఆడించి పంపుదురనియు మన తల్లిదండ్రులు తఱచుగా ఆక్షేపింతురు. మన నగరములలో మూడవ యేటనే పలక, నాలుగవ యేట ఇంటిపని చూచి వచ్చినవారికి అట్లు తోచుట సహజమే. కాని యీ ఊరక ఆడించుట వెనుక రెండువందల యేండ్ల ఆలోచన యున్నది. తూరింగియా ప్రాంతపు పల్లెలో 1782లో జన్మించి, ఏడాది నిండకమునుపే తల్లిని పోగొట్టుకొన్న ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్, 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న యూరిలో పసివారికై యొక నిలయమును స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. ఉన్ని బంతులు, కఱ్ఱ గోళము, కఱ్ఱ ఘనములు చేతికిచ్చి, కాగితము మడచుట, పేలికలుగా కోసి అల్లుట, సూదితో గ్రుచ్చి బొమ్మ దీయుట, మట్టి పిసికి రూపు చేయుట అను పనుల ద్వారమున శిశువు బుద్ధి వికసించునని ఆయన నమ్మెను. ప్రష్యా ప్రభుత్వము ఈ పాఠశాలలు నాస్తికత్వమును నేర్పుచున్నవని శంకించి 1851లో వానిని నిషేధించినది. ఆ మఱుసటి యేటనే ఫ్రోబెల్ కన్నుమూసెను. నిషేధము మాత్రము 1860 దాక తొలగలేదు. కాగితము మడచు పసిపిల్లలను జూచి తొమ్మిదేండ్లు జంకిన ప్రభుత్వము లోకమున మఱొకటి యున్నదో లేదో! నేటికిని క్రిస్మసునకు ముందు జర్మను గృహములలో నాలుగు కాగితపు పేలికలతో అల్లు నక్షత్రమునకు ఫ్రోబెల్ పేరే.

ఈ హస్తకళలు సంపన్నుల కాలక్షేపములుగా పుట్టినవి కావని కూడ గమనింపవలెను. డిసెంబరులో కిటికీలయందును చర్చి గోపురములయందును వెలుగు హెర్న్‌హుట్ నక్షత్రము, పదునేడు చతుర్భుజ పీఠపు కొనలును, ఎనిమిది త్రిభుజ పీఠపు కొనలును గలది, పందొమ్మిదవ శతాబ్దపు తొలి కాలమున మొరేవియను సోదరసంఘమువారి వసతి పాఠశాలలో రేఖాగణితము నేర్పుటకై కల్పింపబడినది. ఆ సంఘమువారి వసతి పాఠశాలలలో, దూరదేశములకు మతప్రచారమునకై పోయిన తల్లిదండ్రుల బిడ్డలు చదువుకొనుచుండిరి. హాంబర్గులో యోహాన్ హిన్రిష్ విహెర్న్ అను మతాచార్యుడు తాను పోషించు నిరుపేద బాలురు క్రిస్మసు పండుగ ఎన్నడు వచ్చునని దినదినము అడుగుచుండగా, 1839లో ఒక బండిచక్రముపై ఆదివారములకు పెద్ద తెల్లని కొవ్వొత్తులును, తక్కిన దినములకు చిన్న యెఱ్ఱనివియు నిలిపి, దినమున కొక్కటి వెలిగించుచు రాగా, అదియే నేడు ఇంటింట బల్లపై నుండు నాలుగు కొవ్వొత్తుల పచ్చని వలయమునకు మూలమైనది. తల్లిదండ్రులు చెంత లేని బిడ్డలకు నిరీక్షణమును సహింపజేయు ఉపాయములుగా వర్ధిల్లిన యీ పనులు, అమ్మమ్మ తాతయ్యలు చెంత లేని మన బిడ్డలకు నప్పకపోవుటకు కారణము నాకు కనిపించదు.

జర్మనులందఱును చేతిపనియే చేయుచున్నారని నేననను. క్రిస్మసునకు ముందు దినములను లెక్కించు, ఇరువదినాలుగు గవాక్షముల అడ్వెంట్ పంచాంగములు నేడు చాక్లెట్లతోను, బొమ్మలతోను, సుగంధ ద్రవ్యములతోను, తుదకు బీరు సీసాలతోను నింపబడి దుకాణములలో గుట్టలుగా పడియున్నవి. అయినను అట్టపెట్టెలకు అంకెలు వేసి, తాడునకు కట్టి, లోపల ఇంటిలో కాల్చిన బిస్కత్తులుంచు తల్లులు వారిలో ఇంకను ఉన్నారు.

ఇక మన పండుగల సంగతి. ప్రవాసమున తెలుగు సంఘము జరుపు ఉగాదియైనను దసరాయైనను సాధారణముగా ఒక అద్దె మందిరమున సాగును. అందు మైకు, వేదిక, ముఖ్య అతిథి, సినిమాపాటకు నృత్యము, ఆలస్యముగా వచ్చు భోజనము ప్రధానాంగములు. దినమంతయు ఉద్యోగము చేసి వచ్చి, వారాంతమున కుర్చీలు మోసి, వంటవానితో వాదించి, యీ సభలను నడుపు యువకుల శ్రమను నేను తక్కువ చేయను. కాని పసివాని పక్షమున నుండి చూడుడు. పట్టుబట్టలు గ్రుచ్చుకొనుచుండ నాలుగు నిమిషములు వేదికపై ఎగిరి, క్రింద నుండు నూఱు ఫోనులకు ముఖము చూపి, మిగిలిన నాలుగు గంటలు వసారాలో పరుగులెత్తుటయే వానికి పండుగ. బతుకమ్మ అప్పటికే ఎవరి యింటనో పేర్చబడి వచ్చియుండును. వినాయకుడు రంగులు పూసికొని పార్సిలులో దిగును. పూవు కోసినవాడు లేడు, మట్టి త్రొక్కినవాడు లేడు. ప్రేక్షకుడో నటుడో తప్ప బిడ్డ ఇందు కర్త కాడు.

మన పండుగలకంటె చేతిపని గల పండుగలు ఎచట నున్నవి? పాలవెల్లికి పండ్లు కట్టుట, గొబ్బెమ్మలకు పూలు గ్రుచ్చుట, బొమ్మలకొలువునకు మెట్లు అమర్చుట, వాకిట చుక్కలు పెట్టి కలుపుట, ఇవన్నియు పిల్లలు పెద్దల ప్రక్కన చతికిలబడి చేసిన పనులే. పరదేశమున వీలుపడదనుట సాకు మాత్రమే. జర్మనీలో ఊరి పొలిమేరలయందు ఎవరి పూలు వారే కోసికొను పొలములుండును. కాపలావా డుండడు, కత్తి యొకటి, వెలల పట్టిక యొకటి, డబ్బు వేయు పెట్టె యొకటి యుండును. సెప్టెంబరులో అచట డాలియాలు, పొద్దుతిరుగుడు పూలు, గ్లాడియోలస్‌లు విరగబూయును. తంగేడును గునుగును లేకున్నను, ఆడపిల్లను వెంటబెట్టుకొని పోయి, దానిచేతనే నాణెములు లెక్కించి పెట్టెలో వేయించి, కోసిన పూలను సిబ్బియందు వరుసలుగా పేర్పించినచో అది బతుకమ్మయే యగును. ముగ్గునకు బియ్యపుపిండి యేల? ఆ దేశపు పిల్లలు కాలిబాటలపై లావైన రంగు సుద్దకఱ్ఱలతో బొమ్మలు వేయుట నిత్యాచారము. ఉగాదినాడు అదే సుద్దతో ఏడు చుక్కల ముగ్గు వేసినచో ప్రక్కయింటి పిల్లలును వచ్చి చేయి కలుపుదురు. తొలుత చుక్కలు తప్పును, తప్పనిండు.

మార్టిన్ లాంతరు పట్టినవాడు మన సంప్రదాయమునకు దూరమగునేమోయని కొందఱు భయపడుదురు. కార్తికదీపము వెలిగించు ఇంటి బిడ్డకు, చలికి వణకువానికి వస్త్రము పంచియిచ్చిన పుణ్యాత్ముని పేర దీపము పట్టుట అపచార మెట్లగునో వారే చెప్పవలెను.

విహారయాత్రలయందును మనవారి తొందరయే కనబడును. యూరపులో నున్నన్నినాళ్లు చూడవలసినవన్నియు చూచి తీరవలెనని, వారము దినములలో పారిస్, ఇంటర్‌లాకెన్, వెనిస్, రోము చుట్టివచ్చువారు గలరు. స్విట్జర్లాండులో సముద్రమట్టమునకు 3,454 మీటర్ల యెత్తున నున్న యుంగ్‌ఫ్రౌయోక్ రైలు స్టేషనునకు, చెవులు దిబ్బడవేసి ఏడ్చు చంటిబిడ్డ నెత్తుకొని పోయి ఛాయాచిత్రము తీసికొని దిగివచ్చుట ఎవరి సంతోషమునకు? ఆ స్విట్జర్లాండులోనే కొన్ని రెండంతస్తుల రైళ్లలో పై అంతస్తున పిల్లలకై జారుడుబల్లతో ఆటస్థలము అమర్చిన పెట్టె యుండును. మూడేండ్లవానికి మంచుకొండకంటె అదియే మహాద్భుతము. నెదర్లాండ్స్‌లో 1952లో చిత్రకారుడు ఆంటోన్ పీక్ రూపకల్పనతో వెలసిన ఎఫ్టెలింగ్ కథావనమున, నోరు తెఱచి కూర్చున్న బొజ్జ బొమ్మ యొకటి కాగితము వేయుడని కేకలు వేయుచు, చెత్తకాగితమును లోనికి పీల్చుకొనును. రాజసౌధములను, మాయాసర్పములను విడిచి పిల్లలు దాని నోటికై తోటయంతయు కాగితములు వెదకుచు తిరుగుదురు. చూచుటకంటె చేయుట వారికి రుచి.

నన్నడిగినచో, పసిపిల్లలుగల తెలుగువారు ఐఫిల్ గోపురమునకు ముందు చూడదగినది సాక్సనీ దక్షిణపు కొనయందు, చెక్ సరిహద్దు చేరువనున్న సైఫెన్ గ్రామము. అచటి కొండలలో తగరపు గనులు తఱిగిపోగా గనిపనివారు కఱ్ఱపని చేపట్టిరి. వారి విద్యలలో విచిత్రమైన దొకటి గలదు: దుంగనుండి కోసిన కఱ్ఱచక్రమును తరిమెనపై త్రిప్పుచు, ఉలితో లోతులు మిట్టలు చెక్కుదురు. చూచువారికి అది పళ్లెమో గాజో తెలియదు. ముగిసిన పిమ్మట చక్రమును నడిమినుండి అంచునకు చీల్చినచో, ఒక్కొక్క తునుక ఒక్కొక్క గుఱ్ఱమో, ఆవో, ఏనుగో యై బయటపడును! తరిమెన పట్టువాడు జంతువు నిలువుకోతను మనస్సున నుంచుకొని కన్నులకు కానరాని రూపమును చెక్కుచుండెనన్నమాట. దీనిని జూచిన పిల్లవాడు ఇంటికి వచ్చి బంగాళాదుంపను కోసి చూచును, కోయనీయుడు. అట్టి కుటుంబము సెలవులకు స్వదేశము వచ్చినప్పుడు, వరాహనదీతీరమున ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, గింజలు వేళ్లనుండి తీసిన రంగులు కలిపిన లక్కను అద్దుచున్న పనివారిని, కొండపల్లిలో పొనికి కఱ్ఱను చెక్కువారిని చూపినచో, రెండు దేశముల పనితనము ఆ బిడ్డకు ఒక్క వంశమువలెనే తోచును. కాని ఏటేట వచ్చి బంధువుల పెండ్లిండ్లును వస్త్రదుకాణములును చూచిపోవువారే మెండు.

తీరిక లేదనుట చెల్లదు. వారమునకు ఐదు దినములు పనిచేయువారికి జర్మను చట్టము ఏటికి 20 దినముల కనీస సెలవు నిచ్చును. ఆదివారము అంగళ్లు మూసియుండును. తండ్రులు లాంతరు చేయు పనికి తల్లులను పంపి తాము ఫోను చూచుకొనుటయే అసలు చిక్కు. ఇక అమ్మమ్మ నాయనమ్మల విషయము. సందర్శకుల వీసాపై వచ్చినవారు 180 దినములలో 90 దినములకు మించి యుండరాదు. మనవారు వారిని ఎండకాలమని జూన్‌లో రప్పించి, పండుగలకు ముందే పంపివేయుదురు. ఆగస్టు మూడవ వారమున రప్పించినచో వినాయక చవితి, బతుకమ్మ, దసరా, చాల యేండ్లలో దీపావళి, ఆపైన మార్టిన్ లాంతరు సైతము ఆ తొంబది దినములలో ఇముడును. టిక్కెట్టు తీసికొనువారు ఈ లెక్క చూచుకొందురు గాక.