గిటార్లో యాక్షన్ తగ్గించండి!

సినిమాలో హీరో గిటార్ పట్టుకున్నాడంటే ఎంత హాయి! కొండ ఎక్కుతూ వాయిస్తాడు, జీపులో వాయిస్తాడు, వానలో తడుస్తూ కూడా వాయిస్తాడు. జుట్టు చెదరదు, వేలు నొప్పెట్టదు. అది చూసి మనవాడు ఇంట్లో పోరి, బతిమాలి, అలిగి ఓ గిటార్ కొనిపించుకుంటాడు. మొదటి వారం ఉత్సాహం. రెండో వారం వేళ్ళ చివర మంట. మూడో వారానికి 'ఎఫ్' అనే కార్డ్ ఎదురవుతుంది. ఆ తర్వాత గిటార్ బీరువా ఎక్కుతుంది. "వీడికి సంగీతం అబ్బలేదు" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు. పాపం, వాడూ అదే నిజమనుకుంటాడు!

అసలు తెరమీద సంగతి వేరు. 1973లో వచ్చిన 'యాదోం కీ బారాత్'లో "చురాలియా" పాట గుర్తుందా? దాన్నే మనవాళ్ళు 1975లో 'అన్నదమ్ముల అనుబంధం'గా తీశారు. ఆ హిందీ పాటలో గిటార్ జీనత్ అమన్ చేతిలో ఉంది. కానీ మనం విన్న గిటార్ భూపీందర్ సింగ్‌ది. కనిపించే వేళ్ళు వేరు, కష్టపడిన వేళ్ళు వేరు. అంచేత తెరమీది సుఖాన్ని చూసి మీ వేళ్ళను తిట్టుకోకండి.

ఇంతకీ ఈ వారం నేను చెప్పదలచింది ఒక్కటే. నేర్చుకోలేక మానేసిన వాళ్ళలో చాలామందికి లోపం వేళ్ళలో లేదు, గిటార్లో ఉంది. రెడీమేడ్ ప్యాంటు కొంటే పొడుగు చూసుకుని టైలర్ చేత కత్తిరించి కుట్టించుకుంటాం కదా. గిటార్ మాత్రం కొట్లోంచి తెచ్చినది తెచ్చినట్టే వాయించెయ్యాలనుకుంటాం. అదేం న్యాయం?

వాద్యాన్ని మనకి తగ్గట్టు మార్చుకోవడం చేతకానివాళ్ళ పని అనుకునేవాళ్ళకి టోనీ అయోమీ కథ చెప్పాలి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కుర్రాడు. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసే ఆఖరి రోజున మెషిన్లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే తీగల్ని నొక్కే చెయ్యే పోయిందన్నమాట! దిగులుతో ఉన్నవాడికి ఆ ఫ్యాక్టరీ మేనేజరే జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. 1928లో బండికి నిప్పంటుకుని జాంగో చెయ్యి కాలింది. ఆ తర్వాత ముఖ్యంగా రెండు వేళ్ళతోనే ప్రపంచాన్ని మెప్పించాడాయన.

అది విని అయోమీ ఏం చేశాడు? ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. మామూలు తీగలు నొప్పెడుతుంటే బాంజో తీగలు, అంటే సన్నవి, తెచ్చి గిటార్‌కి కట్టాడు. అదీ చాలక తర్వాత శ్రుతి దించాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలకు మూడు మెట్లు కిందికి దించాడు. వేళ్ళకి హాయి కోసం దించితే నాదం బరువెక్కింది. 'హెవీ మెటల్' అని ఈనాడు కుర్రకారు ఊగిపోయే సంగీతానికి ఆ బరువే ఓ పునాది! ప్రమాదం జరిగిన అరవై ఏళ్ళకు, 2025 జులై 5న, బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ ఆఖరి కచేరీలో కూడా అదే చేత్తో వాయించాడు. ఆయనది ఎలక్ట్రిక్ గిటారే అనుకోండి, సూత్రం మాత్రం మీ అకూస్టిక్‌కి కూడా అదే.

మరి మీ గిటార్ సంగతి చూద్దాం. సినిమాలో యాక్షన్ ఎక్కువైతే ఈలలు పడతాయి. గిటార్లో యాక్షన్ ఎక్కువైతే వేళ్ళకి వాతలు పడతాయి! ఫ్రెట్లకీ (వీణకి మెట్లలాంటివి) తీగకీ మధ్య ఉన్న ఎత్తునే యాక్షన్ అంటారు. ఓ స్టీలు స్కేలు తీసుకోండి. సున్నా సరిగ్గా అంచునుంచే మొదలయ్యేదై ఉండాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర, సాధారణంగా రెండు చుక్కలుంటాయే అక్కడ, ఫ్రెట్ మీంచి తీగ అడుగుదాకా కొలవండి. లావు తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర రెండు లోపు ఉంటే బాగున్నట్టే. మూడు దాటిందా, మీరు వాయించడం లేదు, కుస్తీ పడుతున్నారన్నమాట.

ఎత్తు తగ్గించాలంటే బ్రిడ్జి మీదుండే తెల్లటి బద్దని, శాడిల్ అంటారు, అడుగువైపు అరగదీస్తారు. అక్కడ ఒక మిల్లీమీటరు తీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుంది. ఇంట్లో గరుకు కాగితం పట్టుకుని మీరే మొదలెట్టకండి. గిటార్లు బాగుచేసే మనిషికివ్వండి, పాత శాడిల్ దాచి కొత్తది వేయించుకోండి. మరీ దిగితే తీగ ఫ్రెట్‌కి తగిలి 'జుయ్' మంటుంది. అరగదీసినదాన్ని తిరిగి పెంచలేం కదా!

అలాగే మెడ పైకొసన తీగలు ఆనే నట్ కూడా చూపించండి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుక దూరేటంత ఉంటే చాలు. బాగా కనిపించేటంత ఉందంటే మీ 'ఎఫ్' కార్డ్ పగవాడు దొరికినట్టే.

తర్వాత తీగలు. మామూలుగా అకూస్టిక్‌కి లైట్ సెట్టు కడతారు, అందులో సన్న తీగ పన్నెండు నంబరు. దాని బదులు ఎక్స్‌ట్రా లైట్, అంటే పది నంబరు సెట్టు అడగండి. ఆ సన్న తీగ బిగువు సుమారు 30 శాతం తగ్గుతుంది. నాదం కొంచెం పలచబడుతుంది, నిజమే. బీరువా మీదున్న గిటార్‌కి అసలు నాదమే లేదు కదా!

పైసా ఖర్చు లేని ఉపాయం కూడా ఉంది. తీగలన్నీ రెండు మెట్లు దించి శ్రుతి చెయ్యండి, బిగువు అయిదో వంతు తగ్గుతుంది. పాటతో శ్రుతి కలవాలంటే రెండో ఫ్రెట్ దగ్గర కేపో బిగించండి. కేపో అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టుకునే క్లిప్పు. అక్కడ ఫ్రెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక చిన్న చేతులకి మరీ సుఖం. వేళ్ళు గట్టిపడ్డాక కేపో తీసేసి శ్రుతి పెంచుకోవచ్చు.

ఇంకా కొననివాళ్ళకి ఓ మాట. కొట్లో ఎక్కువగా కనిపించే పెద్ద బొజ్జ గిటార్‌ని డ్రెడ్‌నాట్ అంటారు. 1916లో మార్టిన్ కంపెనీ మొదట తయారు చేసింది. ఆ పేరు ఓ యుద్ధనౌకది! చెయ్యి చుట్టి పట్టుకోవడానికి భుజం పైకెత్తాల్సొస్తుంటే మీకది యుద్ధనౌకే. చిన్న బాడీ ఉన్నది ఒళ్ళో పెట్టుకుని చూసి తీసుకోండి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వేళ్ళకి ఇంకా మెత్తన. ఇళయరాజా గారు ట్రినిటీ కాలేజీ వారి గోల్డ్ మెడల్ సంపాదించింది క్లాసికల్ గిటార్లోనే. దాని మెడ మాత్రం వెడల్పు. నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు కట్టే సాహసం చెయ్యకండి, బ్రిడ్జి ఊడివస్తుంది.

ఇక చెయ్యి సంగతి. ఫ్రెట్ మీద కాదు, రెండు ఫ్రెట్ల నడుమ కాదు, ఫ్రెట్‌ని ఆనుకుని కాస్త వెనకగా నొక్కండి. ముందు తీగని ఊరికే తాకి మీటండి. మెల్లగా బలం పెంచుతూ పొండి. స్వరం శుభ్రంగా పలికిన చోట ఆగండి. అంతే బలం చాలు! చాలామంది దానికి రెట్టింపు నొక్కి, గిటార్‌ని దొంగలా పట్టుకుంటారు. రెండు వేళ్ళతో వచ్చే 'ఇ మైనర్'తో మొదలెట్టండి. 'ఎఫ్' ఎక్కడికీ పారిపోదు.

ఆదివారం మూడు గంటలు కాదు, రోజూ పది నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు కూర్చోండి. కొన్ని వారాల్లో వేళ్ళ కొసలు కాయలు కాస్తాయి. స్నానం చేసి తడి ఆరకముందే మాత్రం వాయించకండి, నానిన చర్మం తొందరగా తెగుతుంది. వేలి కొసల నొప్పి సహజం. మణికట్టు నొప్పెట్టినా, వేళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే ఆపెయ్యండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. అది ఓర్చుకోవలసిన నొప్పి కాదు.

అన్నట్టు, కొయ్య కూడా మనిషిలాంటిదే. విశాఖ ఉక్కకి నీరు పీల్చి ఉబ్బుతుంది, తీగలు ఎత్తవుతాయి. రాయలసీమ ఎండకి ఎండి బీటలిస్తుంది. కారులో, కిటికీ పక్కన ఎండలో వదలకండి.

కనుక మిత్రులారా, ఈ ఆదివారం ఓ కుర్చీ వేసుకుని బీరువా మీంచి ఆ గిటార్ దించండి. దుమ్ము దులిపి స్కేలు పెట్టి కొలవండి. మూడు మిల్లీమీటర్లు దాటిందంటే, "వీడికి సంగీతం అబ్బలేదు" అన్నవాళ్ళకి ఆ స్కేలు చూపించండి. తీర్పు తిరగరాయించుకునే హక్కు మీకుంది!