తువాలు: ఆఖరి చూపుకు పోవలసిన దేశం కాదు

తువాలు అనగానే తెలుగువారికి భుజం మీది వస్త్రమే స్ఫురిస్తుంది. ఆ పేరుతో పసిఫిక్ మహాసముద్రంలో ఒక స్వతంత్ర దేశం కద్దు. ఫిజీకి ఉత్తరాన తొమ్మిది దీవులు. నేలంతా కలిపినా 26 చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 11,000. మన మండల కేంద్రాలలో ఇంతకు మించినవి ఎన్నో ఉన్నాయి. ఆ భాషలో ‘తు’ అనగా నిలుచుట, ‘వలు’ అనగా ఎనిమిది. కలిసి నిలిచిన ఎనిమిది అని భావం. దీవులు తొమ్మిది కదా అని సందేహం కలగవచ్చు. తొమ్మిదవదైన నియులకితలో పూర్వం స్థిరనివాసం లేనందున అది లెక్కకు రాలేదు. బ్రిటిషువారి ఏలుబడిలో వీటిని ఎల్లిస్ దీవులనేవారు. 1974లో ప్రజలు ఓటు వేసి గిల్బర్ట్ దీవుల నుండి వేరుపడ్డారు. 1978 అక్టోబరు 1న స్వతంత్రులైనారు.

ఈ దేశాన్ని యాత్రికులకు పరిచయం చేసే రచనలలో తరచుగా కనబడే మాట ఒకటి ఉంది: “మునిగిపోకముందే చూసి రండి” అని. నా అభ్యంతరమంతా ఆ మాట మీదనే. మన ఊళ్ళలో ఆఖరి చూపుకు వెళ్ళడమనే ఆచారం ఉంది. ఆ వెళ్ళేది పోయినవారి ఇంటికి. బ్రతికి, పిల్లలను బడికి పంపుతూ, వంట చేసుకుంటూ ఉన్నవారి గుమ్మంలో నిలిచి “ఆఖరి చూపుకు వచ్చాము” అనడం ఏ మర్యాద?

అపాయం లేదని నేననడం లేదు. దేశం మొత్తం మీద ఎత్తైన చోటు కూడా సముద్రమట్టానికి 5 మీటర్లు మించదు. పెద్ద పోట్ల వేళ నీరు ఒడ్డు దాటి రావడమే కాక, పగడపు నేల రంధ్రాల గుండా పైకి ఉబికి వస్తుంది. అక్కడివారు పులక అనే చేమజాతి దుంపను, లోతుగా గోతులు త్రవ్వి, అడుగున ఊరే మంచినీటి ఆధారంతో పండిస్తారు. ఆ గోతులలోకి ఉప్పునీరు చేరి పంట చెడుతున్నది. అయితే 2018లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన మరొక సంగతి చెప్పింది. 1971 నుండి 2014 వరకు తీసిన చిత్రాలను పోల్చి చూడగా, అలలు తెచ్చి వేసిన ఇసుక, పగడపు ముక్కల వలన తువాలు నేల విస్తీర్ణం 2.9 శాతం పెరిగినదట. నేల పెరిగినంత మాత్రాన బ్రతుకు సులువైనదని కాదు. త్రాగునీరు, తిండి వేరే ప్రశ్నలు. కాని ‘మునిగిపోతున్న దేశం’ అనే ఒక్క విశేషణంలో ఇదంతా ఇమడదని మాత్రం తెలుస్తుంది.

వెళ్ళదలచినవారికి కొన్ని వివరాలు. ఫిజీలోని సువా నుండి రాజధాని ఫునఫుతికి వారానికి కొద్ది విమానాలే ఉన్నాయి. నాణెం ఆస్ట్రేలియా డాలరు. మొదటి ఏటీఎంలు 2025లో వచ్చినవి. అయినా చేతిలో నగదు ఉండడం మేలు. మే నుండి అక్టోబరు వరకు వానలు కొంత తక్కువ. ప్రధాన దీవి ఫోంగఫాలె పొడవు 12 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల పదుల మీటర్లే. ‘ద్వి’, ‘అప్’ అనే రెండు మాటలు కలిసి ‘ద్వీపం’ అయినదని, రెండు వైపులా నీరు గలదని వ్యుత్పత్తి చెబుతాము. ఆ దారిన నడిచేవారికి ఒక ప్రక్క మహాసముద్రం, మరొక ప్రక్క పగడపు దిబ్బల నడుమ నిలిచిన ప్రశాంతమైన మడుగు కనబడతాయి. మడుగుకు పడమట ఆరు నిర్జన దీవులతో కూడిన సంరక్షిత ప్రాంతానికి పడవ మీద పోవచ్చు. సాయంత్రం విమానాల దారి మీదనే పిల్లలూ పెద్దలూ బంతులాడుతారు. విమానం వచ్చే ముందు సైరను మ్రోగితే ప్రక్కకు తొలగుతారు. ఆదివారం ప్రార్థనదినం, ఆటపాటలకు, సందడికి కాదు. ఊరిలో ఒళ్ళు కప్పుకొని తిరగడం మర్యాద.

అన్నిటికంటె ముఖ్యమైనది నీటి సంగతి. అక్కడ నదులు లేవు. ఇంటికప్పు మీద పడిన వాననీటిని తొట్లలో పట్టుకొని త్రాగుతారు. 2011లో వానలు కురియక అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. అతిథి పోసుకునే ప్రతి చెంబూ ఆతిథేయుని తొట్టిలోనిదే. కరవుసీమలలో పుట్టిన మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ దీవులకు వచ్చిన పరాయివారి చరిత్ర కూడా యాత్రికుడు ఎరిగి ఉండాలి. 1863లో పెరూ నుండి వచ్చిన బానిస వ్యాపారుల ఓడలు నుకులాయెలాయె, ఫునఫుతి దీవుల నుండి వందలమందిని ఎక్కించుకొని పోయినవి. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కొబ్బరితోటలను, పులక గోతులను చదును చేసి విమానాల దారి వేసింది. అందుకై త్రవ్విన గోతులు మురికిగుంటలై, 2015లో గాని పూడలేదు.

ఇంత జరిగినా ఆ జనం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2023 నాటికి ఫునఫుతిలో మడుగు ఇసుకను పోసి 780 మీటర్ల పొడవున కొత్త నేలను ఎత్తుగా నిర్మించుకున్నారు. అదే సంవత్సరం రాజ్యాంగాన్ని సవరించి, సముద్రం వలన నేలకు ఏమైనా సరే, తమ దేశం శాశ్వతంగా దేశమేనని వ్రాసుకున్నారు. మనవాళ్ళు బస్సు కిటికీలో నుండి తువాలు వేసి, ఈ చోటు మాదని చెప్పినట్లే ఉన్నదిది! నవ్వులాటకు అన్నా, ఆ హక్కు వెనుక ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన సముద్రజలాలు, వాటిలోని చేపల ఆదాయం ఉన్నవి.

నాకు దిగులు కలిగించేది మరొకటి. ఆస్ట్రేలియాతో చేసుకున్న ఫలెపిలి ఒప్పందం 2024లో అమలుకు వచ్చింది. ఏడాదికి 280 మంది అక్కడ స్థిరపడవచ్చు. 2025లో తొలి లాటరీకి కుటుంబసభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు నమోదైనవి. తిరిగి వచ్చే స్వేచ్ఛ ఉన్నమాట నిజమే. పిల్లల భవిష్యత్తు చూసుకునే తల్లిదండ్రులను తప్పుపట్టలేము. కాని పదకొండు వేలమంది భాష ఊరు కదిలితే ఏమౌతుంది? దారిలో తగిలే ఫిజీనే అడగవచ్చు. 1903 తరువాత మద్రాసు రేవు నుండి ఒప్పందపు కూలీలుగా అక్కడకు చేరినవారిలో మన తెలుగువారు ఉన్నారు. వారి సంతతిలో అధికుల ఇంటి భాష నేడు ఫిజీ హిందీ. కోట్లమంది మాట్లాడే భాషకే అక్కడ ఆ గతి పట్టింది. తమ భాషను, ఆచారాలను, పాటలను అంతర్జాలంలో భద్రపరుస్తామని తువాలు 2022లో ప్రకటించింది. మంచిదే. అయినా భాషకు నిఘంటువుకంటె ముందు ఇరుగుపొరుగు కావాలి. ఫలెపిలి అన్న మాటకు మూలార్థం పొరుగిళ్ళవారి మంచితనమేనట.

కనుక వెళ్ళగలిగినవారు తప్పక వెళ్ళండి. నాలుగు తువాలు మాటలు నేర్చుకొని వెళ్ళండి. చెక్కపెట్టె మీద దరువు వేస్తూ రెండు పక్షాలు పోటీపడి ఆడిపాడే ఫతేలెను కూర్చొని చూడండి. తిరిగి వచ్చి వ్రాసేటప్పుడు సముద్రం ఎంత ఎత్తు పెరిగినదో వ్రాయండి, వద్దనను. దానితోపాటు వారు ఏమి తిన్నారో, దేనికి నవ్వారో, పిల్లలకు ఏ కథ చెప్పారో అదీ వ్రాయండి. చుట్టంగా వెళ్ళి వచ్చినవాడు వ్రాయదగినది అదే.